ఐస్‌లాండ్ గ్లేసియర్ల మధ్య ఒంటరి నడక: సెప్టెంబరు చలిలో లౌగవేగుర్ ట్రెక్‌కి సమగ్ర మార్గదర్శి

ఐస్‌లాండ్ దక్షిణ కొండల్లో లాండ్‌మన్నలౌగర్ నుంచి థోర్స్‌మోర్క్ దాకా సుమారు 55 కిలోమీటర్ల నడకదారి ఒకటి ఉంది. పేరు లౌగవేగుర్. రేక్యవిక్‌లో ఒక షాపింగ్ వీధి పేరు కూడా ఇదే, కాబట్టి నెట్‌లో వెతికినప్పుడు ట్రెక్ బదులు బట్టల కొట్లు, కాఫీ షాపులు వస్తే కంగారుపడకండి. మామూలుగా నాలుగు రోజుల నడక. రాత్రి బసకి దారిలో హట్లు ఉంటాయి. మిర్దాల్స్‌యోకుల్, ఏయాఫ్యాత్లాయోకుల్ అనే రెండు పెద్ద గ్లేసియర్లు (హిమానీనదాలు) రెండో రోజు నుంచీ కళ్లముందే ఉంటాయి.

జులై, ఆగస్టుల్లో ఈ దారి మీద జనం బాగా ఉంటారు. నేను రాస్తున్నది సెప్టెంబరు మొదటి రెండు వారాల గురించి. అప్పటికి రద్దీ తగ్గుతుంది, హట్లలో వార్డెన్లు ఇంకా ఉంటారు, బస్సులు ఇంకా నడుస్తుంటాయి, రాత్రి చీకటి పడుతుంది కాబట్టి ఆకాశం తేటగా ఉంటే అరోరా (ఆకాశంలో కదిలే రంగుల వెలుగు) కనబడే అవకాశమూ ఉంది. ఖరీదు ఏమిటంటే సున్నాకి దిగే రాత్రులు, పైభాగంలో కొత్తగా పడే మంచు, మనిషిని పక్కకి తోసే గాలి.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి అసలు లోటు ఒకటే: "ఇవాళ వద్దులే, ఆగుదాం" అనే మనిషి పక్కన ఉండడు. ఆ మాట ఎవరితో చెప్పించుకోవాలో ముందే ఏర్పాటు చేసుకోవడమే ఈ ట్రెక్‌కి తయారవడం. కింద రాసినదంతా చివరికి ఆ ఏర్పాటు గురించే.

1. ముందు మిమ్మల్ని మీరు తూచుకోండి

మంచి వార్త ముందు చెప్తా. దారిలో ఎత్తైన చోటు కూడా దాదాపు 1,050 మీటర్లే. హిమాలయాల్లో భయపెట్టే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ టెన్షన్ ఇక్కడ లేదు. అలాగని కేదార్‌కంఠ చేశాం కదా, ఇదెంత అనుకోవద్దు. మన దగ్గర ఏజెన్సీ ట్రెక్‌లో టెంట్ వాళ్లే వేస్తారు, వంట వాళ్లే చేస్తారు, అందరికంటే వెనక ఒక స్వీపర్ నడుస్తాడు. ఇక్కడ మీ బరువు మీదే, మీ దారి మీదే, తప్పిపోతే వెతకాల్సిందీ ముందు మీరే.

కనీసం రెండు మూడు రోజులు వరసగా 10 కిలోల బ్యాగుతో నడిచిన అనుభవం ఉండాలి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ చూసి దారి పట్టుకోగలగాలి. కాళ్ల సంగతికొస్తే, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆయాసపడకుండా ఎక్కి, మర్నాడు కూడా మామూలుగా తిరగగలిగితే సరిపోతాయి. కానీ ఏ మెట్లూ గాలిని నేర్పవు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున థర్మామీటరు సున్నా దగ్గర చూసినవాళ్లు "ఈ చలి మాకు తెలుసు" అంటుంటారు. అది గాలి కదలని, పొడి చలి. అదే సున్నా డిగ్రీల్లో సెకనుకి 15 మీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 8 లాగా తగులుతుంది. పైన వాన కూడా పడుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

అక్టోబరు నుంచి మే దాకా సంగతి వేరు. కొండదారులు మూసేస్తారు, బస్సులుండవు, హట్లలో మనుషులుండరు. ఆ నెలల్లో మొదటిసారి ఒంటరిగా వెళ్లాలనే ఆలోచన మానుకోండి.

2. వీసా, బుకింగ్, తేదీలు

ఐస్‌లాండ్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా వీసా తీసుకోవాలి. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ లాంటి చోట్ల రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మనవాళ్లకి వేరే వీసా అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోనో ఐర్లండ్‌లోనో చదువుకుంటున్నవాళ్లు మాత్రం తప్పనిసరిగా తీసుకోవాలి, ఆ రెండూ షెంగెన్‌లో లేవు. వీసాకి కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ అడుగుతారు. పాలసీ కొనేముందు అందులో ట్రెక్కింగ్‌కి మినహాయింపు ఉందేమో చదవండి. చవక పాలసీల్లో ఆ లైను చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఈ దారిలోని హట్లను నడిపేది ఫెర్దాఫేలాగ్ ఈస్లాండ్స్ అనే సంస్థ, అంటే ఐస్‌లాండ్ టూరింగ్ అసోసియేషన్. వచ్చే వేసవికి బుకింగ్‌లు చాలా నెలల ముందే తెరుస్తారు, మంచి తేదీలు త్వరగా అయిపోతాయి. సెప్టెంబరుకి పోటీ కాస్త తక్కువ. హట్లు ఏ తేదీన మూస్తారో, చివరి బస్సు ఎప్పుడో ఆ ఏడాది షెడ్యూల్ చూసుకున్నాకే విమానం టికెట్ కొనండి.

ఇక్కడే నా మొదటి గట్టి సలహా. నాలుగు రోజుల నడకకి ఆరు రోజులు కేటాయించండి. ఒక రోజు గాలికి, ఒక రోజు నదికి. చివరి రోజు బస్సు దిగి అదే రాత్రి విమానం ఎక్కాలన్న ప్లాన్ వేసుకుంటే, దాటకూడని నదిని దాటించేది ఆ విమానం టికెట్టే. మిగిలిపోయిన రోజులు వృథా కావు, రేక్యవిక్‌లో చూడ్డానికి చాలా ఉంది.

టెంట్ సంగతి. లాండ్‌మన్నలౌగర్ ప్రాంతం ఫ్యాత్లాబాక్ ప్రకృతి రక్షిత ప్రాంతంలో ఉంది, ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయనివ్వరు, హట్ల పక్కన కేటాయించిన చోటే వేయాలి. సెప్టెంబరు గాలుల్లో ఒంటరివాళ్లకి హట్ బెర్తే నయం అంటాను. డబ్బు ఎక్కువే. కానీ రాత్రి రెండింటికి విరిగిన టెంట్ కర్రని టార్చిలైటు వెలుగులో పట్టుకుని కూర్చునే శక్తి మర్నాడు నదిలో పనికొస్తుంది.

3. బ్యాగులో ఏముండాలి

తిండితో కలిపి 10 నుంచి 12 కిలోలు దాటనివ్వకండి. హట్లలో పరుపులు, గ్యాస్ స్టవ్‌లు, గిన్నెలు ఉంటాయి. దుప్పట్లుండవు, స్లీపింగ్ బ్యాగ్ మీరే తెచ్చుకోవాలి. లోపల వెచ్చగానే ఉంటుంది కాబట్టి సున్నా డిగ్రీల కంఫర్ట్ రేటింగ్ ఉన్నది చాలు. మైనస్ 15 బ్యాగు మోసుకొచ్చి రాత్రంతా చెమటలు పట్టించుకోవద్దు.

బట్టల్లో కాటన్ ఒక్కటి కూడా వద్దు, లోదుస్తులతో సహా. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. ఒంటికి అంటుకునే పొర ఉన్నిదో పాలిస్టర్‌దో, దానిపైన ఫ్లీసు, పైన వాన ఆపే జాకెట్, ప్యాంటు. ఆగినప్పుడు వేసుకోవడానికి పఫర్ జాకెట్ విడిగా, నీళ్లు చొరబడని సంచిలో. హట్‌లో పడుకోవడానికి ఒక పొడి జత, సాక్సులతో సహా, దాన్ని దారిలో ఏం జరిగినా ముట్టుకోకూడదు. ఉదయం తడి బట్టలే మళ్లీ తొడుక్కోవాలి. మొదటి ఐదు నిమిషాలు నరకం, తర్వాత నడక వేడికి సర్దుకుంటుంది.

గ్లోవ్స్ రెండు జతలు. ఖరీదైన వాటర్‌ప్రూఫ్ గ్లోవ్స్ గంట వానకే లోపల తడవడం మామూలే. ఉన్ని గ్లోవ్స్ మీద, చేపల పనివాళ్లు తొడిగే మందపాటి రబ్బరు గ్లోవ్స్ ఒక సైజు పెద్దవి వేసుకుంటే చవకా, పనికొచ్చేదీ. రేక్యవిక్‌లో పనిముట్ల దుకాణాల్లో అడగండి.

చీలమండ పట్టే బూట్లు, నదులు దాటడానికి మడమకి పట్టీ ఉన్న చెప్పులు, నియోప్రీన్ సాక్సులు. బాత్రూం చెప్పులు నదిలో మొదటి అడుగుకే కొట్టుకుపోతాయి. రెండు ట్రెక్కింగ్ పోల్స్. బూటు కింద తొడిగే మైక్రోస్పైక్స్, గట్టిపడిన మంచు మీద ఇవి బాగా పట్టుకుంటాయి. కానీ ఇవి ఉన్నాయి కదా అని గ్లేసియర్ ఎక్కకండి, ఆ సంగతి తర్వాత చెప్తాను. హెడ్‌ల్యాంప్, కళ్లద్దాలు లేదా గాగుల్స్, విజిల్, ఆపదలో ఒళ్లంతా దూర్చుకునే ఎమర్జెన్సీ బివీ సంచి ఒకటి, లీటరు థర్మాస్. నా దృష్టిలో ఈ జాబితాలో థర్మాస్ స్థానం చాలా పైన. స్టవ్ మాత్రం అక్కర్లేదు, గ్యాస్ డబ్బా విమానంలో ఎటూ ఎక్కనివ్వరు.

శాటిలైట్ మెసెంజర్ గురించి మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. కొండల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, కాబట్టి ఒంటరివాళ్లకి ఈ పరికరం చాలా అవసరం. కానీ భారత టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు ఇండియాలో ఉంచుకోవడం చట్టవిరుద్ధం, విమానాశ్రయంలో దొరికితే కేసు పెడతారు. అందుకని హైదరాబాద్ నుంచి బయలుదేరేవాళ్లు దాన్ని అక్కడికి వెళ్లాక అద్దెకి తీసుకుని, అక్కడే తిరిగి ఇచ్చేసి రండి. అమెరికా నుంచి ఐస్‌లాండ్ మీదుగా ఇండియాకి వచ్చేవాళ్లు కూడా బ్యాగు ఒకసారి తడిమి చూసుకోండి.

4. తిండి

రోజుకి 700 గ్రాముల పొడి తిండి లెక్కేసుకోండి. చలిలో, బరువుతో నడిస్తే ఇంట్లో తినేదానికి ఒకటిన్నర రెట్లు అడుగుతుంది ఒళ్లు.

యూరప్ ఆర్థిక మండలి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడం నిషేధం. అంటే ఇంటి నెయ్యి డబ్బా, పాలపొడి, నేతి సున్నుండలు వద్దు. నెయ్యి బదులు రేక్యవిక్‌లో బోనుస్ లేదా క్రోనన్ సూపర్‌మార్కెట్లో వెన్న కొనుక్కోండి. ఐస్‌లాండ్ వెన్న అద్భుతం. అక్కడి ఎండు చేపని ఆ వెన్న అద్దుకునే తింటారు. మన తీరం వాళ్లకి వాసన కొత్తేమీ కాదు, బ్యాగులో మాత్రం రెండు కవర్లలో చుట్టండి, హట్‌లో పక్కవాళ్లు మీలాంటి వాళ్లు కాకపోవచ్చు.

ఇంట్లోనే చేసుకెళ్లగలిగినవి: సేమియా దోరగా వేయించి, నూనెతో పోపు పెట్టి, ఉప్పు, ఎండబెట్టిన కూరముక్కలు కలిపి పూటకో పొట్లం కట్టండి. హట్‌లో మరిగే నీళ్లు పోసి మూత పెడితే పది నిమిషాల్లో ఉప్మా. అటుకులైతే ఇంకా సులువు, మధ్యాహ్నం గాలి తగలని రాతి చాటున థర్మాస్ నీళ్లతోనే నానిపోతాయి. పైన కందిపొడి, ఒక చెంచా వెన్న. ఆవకాయ తేవద్దని నేను అనను, నూనె కారకుండా చూసుకోండి అంతే. నడుస్తూ తినడానికి వేయించిన పల్లీలు, ఖర్జూరం, జీడిపప్పు. 100 గ్రాముల పల్లీల్లో సుమారు 570 క్యాలరీలుంటాయి. పల్లీపట్టీ చలికి రాయిలా బిగుసుకుంటుంది, పళ్లు జాగ్రత్త, ముందే చిన్న ముక్కలు చేసి జేబులో వేసుకోండి.

గ్లోవ్స్ తీయకుండా తినగలిగేలా కుడి జేబులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. వేళ్లు మొద్దుబారాక జిప్ కవర్ తెరవడం కూడా పెద్ద పనే.

5. వాతావరణాన్ని చదవడం

ఐస్‌లాండ్ వాతావరణ శాఖ గాలిని సెకనుకి మీటర్లలో చెప్తుంది. 3.6తో గుణిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. బ్యాగు మోసే ఒంటరి మనిషికి నేను పెట్టే గీతలివి. 10 లోపు అయితే హాయిగా నడవచ్చు. 15కి చేరితే ఎత్తైన భాగాల్లో అడుగు తూలుతుంది, మంచో పొగమంచో తోడైతే కదలకూడదు. 20 అంటే హట్‌లో కూర్చుని పుస్తకం చదువుకోవడమే, ఎండ కాస్తున్నా సరే. ఇవి సగటు గాలి అంకెలు, విసురు గాలి ఇంతకంటే బాగా ఎక్కువుంటుంది.

ఉష్ణోగ్రతని రేక్యవిక్‌లో చూసి మోసపోవద్దు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఏడు డిగ్రీలు తగ్గుతుంది. నగరంలో 8 డిగ్రీల వాన అంటే పైన, మొదటి రోజు చేరే హ్రఫ్న్‌తిన్నుస్కెర్ హట్ దగ్గర మంచుతో కలిసిన వాన. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఉంటాయి. పసుపు అంటే "పర్లేదు" అని అర్థం తీయకండి, కొండల్లో ఒంటరిగా ఉన్నవాళ్లకి పసుపు కూడా ఆగమనే.

బయలుదేరేముందు సేఫ్‌ట్రావెల్ సైట్‌లో మీ ట్రావెల్ ప్లాన్ నమోదు చేయండి. ఇది ఐస్‌లాండ్ సెర్చ్ అండ్ రెస్క్యూ సంస్థ నడిపేది. ఆ సంస్థలో పనిచేసేవాళ్లు జీతం లేని వాలంటీర్లు. న్యూ ఇయర్‌కి టపాసులు అమ్మి నిధుల్లో పెద్ద భాగం కూడబెట్టుకుంటారు. మన కోసం తుపానులో బయటికొచ్చేది ఏ బేకరీ నుంచో, బడి నుంచో పని వదిలి వచ్చిన మనిషి అని గుర్తుంటే హట్ తలుపు తీసేముందు ఇంకోసారి ఆలోచిస్తాం.

ఇంట్లోవాళ్లకి కూడా ఒక కాగితం రాసివ్వండి: ఏ రాత్రి ఏ హట్‌లో, ఏ రోజు ఏ టైముకల్లా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి. ఆ టైముకి ఒక రోజు అదనంగా కలపండి. లేకపోతే సిగ్నల్ లేని ఒక్క సాయంత్రానికే అమ్మ ఎంబసీకి ఫోన్ చేసేస్తుంది.

6. మొదటి రెండు రోజులు: పొగలు, మంచు

రేక్యవిక్ నుంచి కొండ బస్సు సుమారు నాలుగు గంటల్లో లాండ్‌మన్నలౌగర్ చేరుస్తుంది. చాలామంది మధ్యాహ్నం దిగి వెంటనే నడక మొదలుపెడతారు. సెప్టెంబరులో అలా వద్దు. ఆ రాత్రి అక్కడే ఉండండి. సహజమైన వేడినీళ్ల మడుగులో కూర్చోవచ్చు, సాయంత్రం వార్డెన్‌ని కలవచ్చు, పైనుంచి తిరిగొచ్చినవాళ్లని మంచు ఎంతుందో అడగొచ్చు.

వార్డెన్‌తో ఎలా మాట్లాడాలో చెప్తాను. "రేపు వెళ్లొచ్చా?" అని అడిగితే "నీ ఇష్టం" అనే జవాబు వస్తుంది, ఎందుకంటే మీ సత్తా ఆయనకి తెలీదు. "నేను ఒక్కడినే. రేపు ఎన్నింటికి గాలి పెరుగుతుంది? మీరైతే ఎన్నింటికి బయలుదేరతారు? నిన్న నది ఎంత లోతుంది?" అని అడగండి. మీరు ఒంటరి అని తప్పకుండా చెప్పండి. తర్వాతి హట్‌కి కబురు పెట్టే వీలుంటే పెట్టమనండి. హట్ తర్వాత హట్‌లో ఇదే పని చేస్తే, పక్కన లేని ఆ రెండో మనిషి మాట మీకు రోజూ సాయంత్రం వినబడుతుంది.

మొదటి రోజు 12 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 470 మీటర్లు. 1477లో పారిన లావా బండల మధ్య నుంచి మొదలై రంగురంగుల కొండల మీదుగా వెళ్తుంది. నేలలోంచి పొగలు వచ్చే చోట్ల బాట దిగొద్దు. లేతరంగు మట్టి పైకి గట్టిగా కనిపించినా కింద బురద మరుగుతుంటుంది. స్టోరిహ్వెర్ అనే వేడినీటి బుగ్గ దాటాక మంచు మొదలవుతుంది. ఇక్కడినుంచి హట్ దాకా దారి గుర్తులు కర్రలే. పొగమంచులో నియమం ఒకటే: ముందు కర్ర కనబడేదాకా ఉన్న కర్ర వదలకూడదు. కనబడకపోతే వెనక్కి, వచ్చిన అడుగుల్లోనే.

హ్రఫ్న్‌తిన్నుస్కెర్ హట్ 1,027 మీటర్ల ఎత్తులో ఉంది. 2004 జూన్ చివర్లో మంచు తుపానులో చిక్కుకున్న పాతికేళ్ల యువకుడొకడు ఈ హట్‌కి కిలోమీటరు లోపే చనిపోయాడు. అతని పేర రాళ్ల గుట్ట ఒకటి దారి పక్కన ఉంది. జూన్ అంటే వాళ్లకి నడి వేసవి.

హట్ దగ్గర్లోని మంచు గుహలు ఫొటోల్లో నీలంగా మెరుస్తాయి. లోపలికి వెళ్లొద్దు. ఐస్‌లాండ్‌లో మంచు గుహలు కూలి మనుషులు పోయారు, 2024 ఆగస్టులో బ్రెయ్దామెర్కుర్‌యోకుల్‌లో గైడు వెంట వెళ్లిన బృందంలోనే ఒకరు చనిపోయారు.

రెండో రోజు మళ్లీ 12 కిలోమీటర్లు. మొదటి సగం మంచు నిండిన లోయలు, దిగుతూ ఎక్కుతూ. మంచు వంతెన కింద నీళ్ల చప్పుడు వినిపిస్తే పోల్‌తో పొడిచి చూసి, అంచుకి దూరంగా దాటండి. తర్వాత యోకుల్‌తుంగుర్ అంచుకి వస్తారు. ఒక్కసారిగా కింద ఆల్ఫ్తావాట్న్ సరస్సు, దాని వెనక పచ్చటి కొండలు, ఆపైన తెల్లగా గ్లేసియర్లు. ఫొటోలు ఇక్కడే తీసేసుకోండి. దిగుడు నిటారుగా, జారుడుగా ఉంటుంది, ఫోన్ చేతిలో పట్టుకుని దిగేది కాదు.

7. నదులు

ఈ దారిలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టేవి నదులే. యోకుల్‌తుంగుర్ దిగాక గ్రాస్‌హాగక్విస్ల్, మూడో రోజు బ్రాట్‌హాల్స్‌క్విస్ల్, బ్లాఫ్యాత్లాక్విస్ల్, చివరి రోజు థ్రోంగా. వీటికి వంతెనల్లేవు. వాన లేనప్పుడు మోకాలి లోపే ఉంటాయి. రాత్రంతా వాన పడితే అదే నది వేరే నది.

ఒడ్డుకి రాగానే బూట్లు విప్పేయకండి. ముందు పది నిమిషాలు అటూ ఇటూ నడిచి చూడండి. నది ఇరుకైన చోట లోతు, వేగం ఎక్కువ. వెడల్పుగా, నాలుగైదు పాయలుగా చీలిన చోట తక్కువ. బాట వెళ్లి కలిసే చోటే దాటాలని లేదు. నీటి పైభాగం చిన్న చిన్న అలలతో గలగలమంటుంటే లోతు తక్కువ, నున్నగా జారిపోతుంటే లోతు ఎక్కువ. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినబడితే ఆ పూటకి ఆ నదిని వదిలేయండి.

దాటాలని తేల్చుకున్నాక బూట్లు, సాక్సులు విప్పి, చెప్పులు తొడిగి, బూట్లని బ్యాగుకి గట్టిగా కట్టండి. అవతలి ఒడ్డుకి విసరొద్దు, సగం దూరంలో పడితే మిగతా ట్రెక్ చెప్పుల మీదే. స్లీపింగ్ బ్యాగు, పొడి బట్టలు వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉన్నాయా చూసుకోండి. బ్యాగు నడుం బెల్టు, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే బ్యాగు వదిలించుకోవాలి. ముఖం ప్రవాహానికి ఎదురుగా, పోల్స్ ముందు నాటి, పక్కకి కొంచెం కిందివైపు ఏటవాలుగా జరగండి. మూడు ఆనుకుని ఉంటేనే నాలుగోది కదలాలి, కాలైనా పోల్ అయినా. పాదాలు ముప్పై సెకన్లలో నొప్పెట్టి, ఆ తర్వాత తెలియకుండా పోతాయి. తొందరపడొద్దు. నీళ్లు మోకాలు దాటి, ప్రవాహం తోస్తుంటే తిరిగి వచ్చేయండి.

ఒంటరివాళ్లకి అసలైన కిటుకు ఓపిక. ఒడ్డున పఫర్ వేసుకుని, థర్మాస్ తీసి, గంటసేపు కూర్చోండి. వెనకాల ఎవరో ఒకరు వస్తారు. ఇద్దరు ముగ్గురు చేతులు పెనవేసుకుని దాటితే చాలా స్థిరంగా ఉంటుంది. "మీతో కలిసి దాటొచ్చా" అని అడగడంలో నామోషీ ఏమీ లేదు. గ్లేసియర్ కరిగిన నీళ్లతో పారే థ్రోంగా లాంటి నదులు ఉదయం తక్కువగా, ఎండెక్కాక ఎక్కువగా ఉంటాయి. ఆ నీళ్లు బూడిదరంగులో ఉంటాయి కాబట్టి అడుగు కనబడదు, పాయలు ఏటేటా మారుతుంటాయి.

ఒకవేళ పడిపోతే బ్యాగు వదిలేయండి, వెల్లకిలా తిరిగి కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు పెట్టి, ఒడ్డుకి ఈదండి.

8. హట్‌లో ఉండే తీరు

బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి, ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. వార్డెన్ పడక చూపిస్తారు. చాలా పడకలు ఇద్దరు పక్కపక్కన పడుకునేలా ఉంటాయి, ఆడా మగా వేరు గదులుండవు. ఒంటరిగా వెళ్లే అమ్మాయిలకి ఇబ్బందిగా అనిపిస్తే ముందే చెప్పండి, మరో అమ్మాయి పక్కనో గోడవారనో సర్దుతారు.

సాయంత్రం ఐదు దాటితే వంటగదిలో స్టవ్‌ల కోసం వరస. ముందే చేరితే ముందే తినొచ్చు. అక్కడ ఉల్లిపాయ, ఎండుమిర్చి పోపు వేశారంటే గదినిండా దగ్గులే, అందుకే ఇంట్లో వేసుకు రమ్మన్నాను. వాడిన గిన్నె వెంటనే కడిగి పెట్టాలి. మీ చెత్త మీరే మోసుకెళ్లాలి, ఖాళీ కవరుతో సహా. హ్రఫ్న్‌తిన్నుస్కెర్‌లో టాయిలెట్లు బయట ఉంటాయి, షవర్ లేదు. రాత్రి గాలిలో అక్కడిదాకా వెళ్లాలి కాబట్టి హెడ్‌ల్యాంప్, జాకెట్ దిండు పక్కనే ఉంచుకోండి.

ఫోన్ బ్యాటరీని చలి తాగేస్తుంది. పగలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి. హట్‌లో ఛార్జింగ్ దొరుకుతుందని నమ్ముకోకుండా పవర్ బ్యాంక్ తెచ్చుకోండి.

9. ఒంటి చలి ముదిరితే

హైపోథర్మియా (ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం) మైనస్ డిగ్రీల్లోనే వస్తుందనుకోవడం పొరపాటు. 5 డిగ్రీల వాన, గాలి, ఆకలి కలిస్తే చాలు. జట్టులో ఉంటే పక్కవాడు మీ మాట తడబడడం గమనిస్తాడు. ఒంటరిగా ఉంటే మీరే పరీక్ష పెట్టుకోవాలి. గంటకోసారి బొటనవేలిని అదే చేతి చిటికెనవేలికి తాకించి చూడండి. తాకకపోతే ఒంట్లో వేడి తగ్గుతోందని. జిప్పు పట్టుకోలేకపోవడం, ఊరికే కోపం రావడం, "ఇక్కడే కాసేపు కూర్చుందాం" అనిపించడం కూడా అవే గుర్తులు. బాగా వణికినవాళ్లకి ఉన్నట్టుండి వణుకు ఆగిపోతే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు.

అలాంటప్పుడు గాలి తగలని చోటు చూసి, బివీ సంచిలో దూరి, తడి పొర మార్చి, పఫర్ వేసుకోండి. బ్యాగుని కింద వేసి దానిమీద కూర్చోండి, నేలకి తగలొద్దు. తీపి తినండి, థర్మాస్‌లో వేడి నీళ్లు తాగండి. చేతులు కాళ్లు రుద్దొద్దు. ఒళ్లు తేరుకుంటే దగ్గరి హట్‌కి, ముందుదైనా వెనకదైనా. తేరుకోకపోతే 112కి ఫోన్ చేయండి. ఐస్‌లాండ్ 112 యాప్ ఉంటే బటన్ నొక్కగానే మీరున్న చోటు వాళ్లకి వెళ్తుంది. సిగ్నల్ లేకపోతే శాటిలైట్ మెసెంజర్.

దారిలో బయటపడే మార్గాలు ముందే తెలిసి ఉండాలి. హ్రఫ్న్‌తిన్నుస్కెర్ నుంచి అంటే వెనక్కి లాండ్‌మన్నలౌగర్‌కే. ఆల్ఫ్తావాట్న్, హ్వాన్‌గిల్, ఎమ్‌స్ట్రుర్ దగ్గరికి మాత్రం పెద్ద జీపులు వచ్చే మట్టిదారులున్నాయి, అక్కడ ఆగిపోతే వాహనంలో దించే వీలుంది.

10. చివరి రెండు రోజులు: నల్ల ఇసుక, గ్లేసియర్, బిర్చ్ అడవి

మూడో రోజు 15, 16 కిలోమీటర్లు, చాలావరకు చదును. బ్రాట్‌హాల్స్‌క్విస్ల్ దాటాక హ్వాన్‌గిల్ హట్ వస్తుంది. ముందు రోజు ఓపికుంటే ఆల్ఫ్తావాట్న్‌లో ఆగకుండా ఇక్కడిదాకా వచ్చేయడం మంచిదే, ఒక నది ముందే అయిపోతుంది, గాలి కూడా తక్కువ. బ్లాఫ్యాత్లాక్విస్ల్ తర్వాత నల్ల ఇసుక మైదానం. గాలి లేచిందంటే ఇసుక మొహాన కొడుతుంది, గాగుల్స్ ఇందుకే. దాహం వేస్తే తేటగా పారే సెలయేటి నీళ్లు తాగొచ్చు, గ్లేసియర్ నది నీళ్లలో రాతిపిండి కలిసి ఉంటుంది.

ఎమ్‌స్ట్రుర్ హట్ నుంచి ఎన్‌టుయోకుల్ కనిపిస్తుంది, మిర్దాల్స్‌యోకుల్ నుంచి కిందికి జారిన గ్లేసియర్ పాయ అది. దగ్గరగా ఉన్నట్టే ఉంటుంది, వెళ్లి తాకి రావాలనిపిస్తుంది. ఒంటరిగా వద్దు. కొత్త మంచు కప్పిన పగుళ్లు పైకి కనబడవు, గ్లేసియర్ మీద ఒకరినొకరు తాడుతో కట్టుకుని నడిచేది అందుకే, ఒక్కరే ఉంటే ఆ తాడు ఎవరికి కట్టుకుంటారు? సరదా తీరాలంటే ట్రెక్ అయ్యాక గైడుతో వెళ్లండి. సాయంత్రం మిగిలితే మార్కార్‌ఫ్ల్యోట్ లోయ అంచుకి వెళ్లి రండి. దాదాపు 200 మీటర్ల లోతు, అంచుకి కంచె లేదు, గాలి ఉంటే పది అడుగుల దూరం నుంచే చూడండి.

మిర్దాల్స్‌యోకుల్ కింద కాట్లా అగ్నిపర్వతం ఉంది. మంచుని చీల్చుకుని అది చివరిసారి పెద్దగా పేలింది 1918లో. మళ్లీ కదిలితే ఆ ప్రాంతంలోని ఫోన్లకి హెచ్చరిక మెసేజ్ వస్తుంది. అప్పుడు నదులకి, వంతెనలకి దూరంగా ఎత్తుకి ఎక్కడమే.

నాలుగో రోజు పెందలాడే బయలుదేరండి, థ్రోంగా కోసం. ఎమ్‌స్ట్రుర్ దాటగానే ఫ్రెమ్రి ఎమ్‌స్ట్రువా మీద వంతెనకి దిగుడు నిటారుగా ఉంటుంది, పట్టుకోవడానికి తాడు ఉంది. థ్రోంగా దాటాక పొట్టి బిర్చ్ చెట్ల అడవి మొదలవుతుంది, సెప్టెంబరులో ఆకులు పసుపు తిరిగి ఉంటాయి. అరగంటలో థోర్స్‌మోర్క్, బస్సు.

కొందరు ఇక్కడ ఆగకుండా ఫిమ్‌వోర్దుహాల్స్ మీదుగా స్కోగర్ దాకా ఇంకో 25 కిలోమీటర్లు వెళ్తారు. రెండు గ్లేసియర్ల నడుమ, 2010లో పుట్టిన మాగ్ని, మోది అనే అగ్నిపర్వత గుట్టల పక్కనుంచి, వెయ్యి మీటర్ల కనుమ దాటి, 60 మీటర్ల స్కోగాఫోస్ జలపాతం దగ్గర దిగుతారు. చాలా బాగుంటుంది. కానీ సెప్టెంబరులో ఒంటరిగా అయితే గాలి 10 లోపు ఉండాలి, పొగమంచు ఉండకూడదు, కాళ్లలో ఓపిక ఉండాలి, ఆరు రోజుల్లో ఒక రోజు మిగిలి ఉండాలి. ఈ నాలుగిట్లో ఒక్కటి లేకపోయినా బస్సెక్కేయండి. కనుమ తుపానుకి ఎదురుగా తెరుచుకుని ఉంటుంది, దారిలో గొలుసు పట్టుకుని దాటాల్సిన ఇరుకు గట్టు కూడా ఉంది.

ఎటు నుంచి బయటికొచ్చినా సిగ్నల్ రాగానే ముందు ఇంటికి మెసేజ్ పెట్టండి. తర్వాత సేఫ్‌ట్రావెల్‌లో ఇచ్చిన ప్లాన్ సంగతి చూసుకోండి: తేదీ మారితే మార్చండి, ముగిసిందని చెప్పాల్సి ఉంటే చెప్పండి, అందులో కాంటాక్ట్‌గా ఎవరి నంబరు ఇచ్చారో వాళ్లకి కూడా ఫోన్ చేయండి. అద్దెకి తెచ్చిన శాటిలైట్ మెసెంజర్‌ని దుకాణం మూసేలోపు ఇచ్చేసి, రసీదు తీసుకోండి.